క్రీడాయోధుడు సి.కె. నాయుడు

ఒక ఆటగాడు తాను పెరిగిన జట్టును విడిచి వేరొక జట్టులో చేరినపుడు అభిమానుల నడుమ వాగ్వివాదాలు చెలరేగటం సహజం. మచిలీపట్నం కోనేరు సెంటరులోనైనా, గుడివాడ బస్టాండు ఎదుటనైనా, దివిసీమలో అవనిగడ్డ టీ దుకాణం వద్దనైనా నలుగురు యువకులు చేరితే ఇటువంటి వాదం వినిపిస్తుంది. ఫుట్‌బాల్ వీరుడు మెస్సీ 2021లో బార్సిలోనా క్లబ్బును విడిచి పారిస్ క్లబ్బుకు, 2023లో అమెరికాలోని ఇంటర్ మయామి క్లబ్బుకు వెళ్ళినపుడు ఆ చర్చ ప్రపంచమంతటా సాగింది. ఒకరు క్లబ్బు గెలిచిన కప్పులను లెక్కించి దాని ఘనతను నిర్ణయిస్తారు. మరొకరు దాని ప్రాచీనతను ప్రస్తావిస్తారు. ఇంకొకరు ఆటగాడు ధనానికి లొంగాడని నిందిస్తారు.

మన దేశంలో ఈ వాదం కొత్తది కాదు. కలకత్తాలో 1889లో వెలసిన మోహన్ బగాన్ క్లబ్బు 1911లో ఆంగ్ల సైనికుల జట్టును ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డును గెలుచుకొని జాతికి గర్వకారణమయింది. 1920లో జోరాబగాన్ క్లబ్బు ఒక ఆటగాణ్ణి పోటీ నుండి తప్పించగా, ఆ అన్యాయాన్ని సహించలేనివారు విడిపోయి ఈస్ట్ బెంగాల్ క్లబ్బును స్థాపించారు. ఒక్క ఆటగాడి నిమిత్తంగా ఒక క్లబ్బే పుట్టిందన్నమాట. అప్పటినుండి మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బులలో ఏది గొప్పదన్న తగవు వంగదేశంలో తరతరాలుగా తెగలేదు.

క్రికెట్టులో ఈ ప్రశ్నకు తన జీవితమే ఉదాహరణగా నిలిచిన తెలుగు క్రీడాకారుడు సి.కె. నాయుడు. ఆయన పూర్తి పేరు కొఠారి కనకయ్య నాయుడు. భారతదేశపు తొలి టెస్టు జట్టుకు నాయకత్వం వహించిన మహనీయుడాయన. ఆయన పూర్వీకులది మచిలీపట్నమని కృష్ణామండల వాసులు అభిమానంతో చెప్పుకొంటారు. ఆయన మాత్రం 1895 అక్టోబరు 31న నాగపూరులో జన్మించారు. ఆ కుటుంబం న్యాయవాద వృత్తిలో పేరు గడించినది. నాగపూరులోనే ఆయన విద్యాభ్యాసం సాగింది. ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, హిందీ వినిపించే ఆ నగరంలో బాల్యంనుండే ఆయనకు క్రికెట్టుపై మక్కువ ఏర్పడింది.

ఆనాటి మన దేశపు క్రికెట్టు ఈనాటివలె ఉండేది కాదు. బొంబాయిలో జరిగే ప్రధానమైన పోటీలో యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, ముస్లిములు అన్న నాలుగు జట్లు తలపడేవి. మనిషి ఏ మతంలో పుడితే ఆ జట్టే అతనిది. జట్టు మారటమన్న ప్రసక్తే లేదు. 1916లో ఇరువదియొక్క సంవత్సరాల వయస్సులో నాయుడు హిందువుల జట్టు పక్షాన యూరోపియన్లతో తలపడి ఆ రంగంలో అడుగుపెట్టారు. 79 పరుగులకే ఏడు వికెట్లు కూలిన క్లిష్టసమయమది. తొలి మూడు బంతులను నిబ్బరంగా అడ్డుకొన్న ఆ యువకుడు నాలుగవ బంతిని సిక్సరుగా మలిచాడు. ఆపదలో తొణకకపోవటం, అదను చూసి దెబ్బతీయటం అన్న రెండు గుణాలు ఆనాడే వెల్లడయినాయి. అవి కడదాకా ఆయనను విడువలేదు.

నాయుడు జీవితంలో పెద్ద మలుపు 1923లో వచ్చింది. ఇందూరును పాలిస్తున్న హోల్కర్ మహారాజు ఆయనను తన సంస్థానానికి ఆహ్వానించి సైన్యంలో కాప్టెన్ పదవినిచ్చి సత్కరించారు. నాయుడు నాగపూరును విడిచి ఇందూరును నివాసం చేసుకొన్నారు. క్రమంగా కల్నల్ హోదాను అందుకొన్నారు. ఈనాటి భాషలో చెప్పాలంటే అది ఒక జట్టునుండి మరొక జట్టుకు జరిగిన బదిలీ. అయితే అందులో వేలంపాటలు, ఒప్పంద పత్రాలు లేవు. క్రీడాభిమానులైన సంస్థానాధీశులు ఆటగాళ్ళకు కొలువులిచ్చి, జీవనభృతి కల్పించి తమ మైదానాలకు రప్పించుకొనేవారు. ఆటవలన బ్రతుకు గడవని ఆ రోజులలో ఈ ఆదరణ ఎందరో క్రీడాకారులకు అండగా నిలిచింది. దానికి మరొక పార్శ్వం కూడా ఉన్నది. ధనికులైన రాజులున్నచోట జట్లు బలపడగా, ఆటగాళ్ళను పెంచిన ఊళ్ళు వారిని కోల్పోయేవి.

తెలుగువారికి ఇటువంటి రాజాదరణ ఎరుగనిది కాదు. మచిలీపట్నానికి చేరువలోని మొవ్వ గ్రామంతో పెనవేసుకొన్న పదకర్త క్షేత్రయ్య పదునేడవ శతాబ్దంలో మధుర, తంజావూరు, గోలకొండ ప్రభువుల సభలలో మన్ననలందుకొన్నాడు. ఎన్ని సభలు చూచినా ఆయన పదాలలో మువ్వగోపాల ముద్ర మాత్రం చెరగలేదు. కళాకారుడు పోషకుని వెతుక్కొంటూ వెళ్ళటాన్ని మన పెద్దలు ద్రోహంగా ఎంచలేదు. వెళ్ళినచోట అతడు ఏమి సృజించాడన్నదే వారికి ముఖ్యమయింది. నాయుడు విషయంలోనూ పరిశీలించదగినది ఇదే.

1926 డిసెంబరులో గిల్లిగన్ నాయకత్వాన వచ్చిన ఎం.సి.సి. జట్టుతో బొంబాయి జింఖానా మైదానంలో హిందువుల జట్టు తలపడింది. నాయుడు రెండు గంటలైనా పూర్తికాకముందే 153 పరుగులు చేశారు. అందులో పదకొండు సిక్సర్లున్నాయి. పరదేశపు బౌలర్లను ఒక భారతీయుడు ఇంత నిర్భయంగా ఎదుర్కొనటం చూచి ప్రేక్షకులు ఉప్పొంగిపోయారు. ఆ ఆటను మెచ్చి ఎం.సి.సి. వారు ఆయనకు వెండి బ్యాటును బహూకరించారు. భారతీయులు టెస్టులు ఆడటానికి తగినవారన్న నమ్మకం ఆ పర్యటనవలన బలపడింది. రెండేళ్ళకు, అనగా 1928లో, భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది.

1932లో భారత జట్టు ఇంగ్లండుకు బయలుదేరింది. నాయకత్వం సంస్థానాధీశుల సొత్తుగా భావించే కాలమది. పోర్‌బందర్ మహారాజు నాయకుడు, లింబ్డీ రాజకుమారుడు ఉపనాయకుడు. జూన్ 25న లార్డ్స్ మైదానంలో ప్రారంభమైన తొలి టెస్టులో ఆ ఇరువురూ ఆడలేదు. ఆ కారణంగా రాజవంశానికి చెందని నాయుడు భారతదేశపు మొదటి టెస్టు నాయకుడయ్యారు. క్షేత్రరక్షణలో చేతికి గాయమైనా ఆయన బ్యాటు పట్టారు. తొలి ఇన్నింగ్సులో ఆయన చేసిన 40 పరుగులే జట్టులో అత్యధికం. ఇంగ్లండు 158 పరుగుల తేడాతో గెలిచినా, మనవారి ఆట గౌరవప్రదంగా సాగింది. ఆ పర్యటనలో ఆయన ఫస్ట్ క్లాస్ పోటీలలో 1,618 పరుగులు చేశారు. 1933లో విస్డెన్ గ్రంథం ఆయనను ఆ యేటి అయిదుగురు ఉత్తమ క్రీడాకారులలో ఒకరిగా ఎన్నుకొన్నది. 1933-34లో ఇంగ్లండు జట్టు భారతదేశానికి వచ్చినపుడు కూడా ఆయనే నాయకుడు.

1936లో ఇంగ్లండుకు వెళ్ళిన జట్టు నాయకత్వం విజయనగర రాజకుమారుడు విజయానంద గజపతిరాజుకు దక్కింది. ఇరువురూ తెలుగువారే. ఆటలో అనుభవం నాయుడిది, పదవి రాజకుమారునిది. తనకన్న ఆటలో చిన్నవాడైన వ్యక్తి కింద ఆడవలసివచ్చినా నాయుడు జట్టును విడిచిపోలేదు. ఓవల్ మైదానంలో తన చివరి టెస్టు ఇన్నింగ్సులో అలెన్ విసిరిన బంతి బలంగా దేహానికి తగిలినా ఓర్చుకొని 81 పరుగులు చేశారు. పదవి ఉన్ననాడు ఎంత పట్టుదలతో ఆడారో, లేనినాడూ అంతే పట్టుదలతో ఆడిన ధీరుడాయన.

టెస్టు జీవితం ముగిసినా ఆయన ఆట ముగియలేదు. ఇందూరులో ఆయన తీర్చిదిద్దిన హోల్కర్ జట్టు రంజీ ట్రోఫీలో అసాధారణమైన శక్తిగా రూపొందింది. ముస్తాక్ అలీ, సర్వతే వంటి మేటి క్రీడాకారులు అందులో ఉండేవారు. నాయుడు సోదరుడు సి.ఎస్. నాయుడు బరోడా జట్టునుండి హోల్కరుకు వచ్చాడు. 1944-45 తుదిపోరులో బొంబాయి జట్టుపై అతడు 917 బంతులు విసరటం నేటికీ విశేషంగా చెప్పుకొంటారు. ఆ పోటీలోనే హోల్కరు పక్షాన ఆడి 249 పరుగులతో అజేయంగా నిలిచినవాడు డెనిస్ కాంప్టన్. యుద్ధకాలంలో సైనికోద్యోగిగా మన దేశంలో ఉన్న ఈ ఆంగ్లేయుడు లండనులోని ఆర్సెనల్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆటగాడు కూడా. ఇటు బరోడా సంస్థానం విజయ్ హజారే, గుల్ మహమ్మద్ వంటివారిని చేరదీసింది. వారిద్దరూ 1947 తుదిపోరులో హోల్కరుపైనే 577 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పి ప్రపంచ రికార్డు సృష్టించారు. హోల్కరు గొప్పదా, బరోడా గొప్పదా, బొంబాయి గొప్పదా అని ఆనాటి అభిమానులు వాదించుకొనటానికి కావలసినంత సామగ్రి ఉండేది.

నాయుడు నాయకత్వంలో హోల్కర్ జట్టు తొమ్మిది సంవత్సరాలలో ఎనిమిదిసార్లు తుదిపోరుకు చేరి, నాలుగుసార్లు ట్రోఫీని గెలుచుకొన్నది. 1945-46లో బరోడా జట్టుపై ఆయన 200 పరుగులు చేసినపుడు ఆయన వయస్సు యాభై సంవత్సరాలు. శిక్షణ విషయంలో ఆయన కఠినుడు. నిటారైన విగ్రహం, సైనికుని నడక, మితభాషణం ఆయనపట్ల సహచరులలో భయభక్తులను కలిగించేవి. రాజు పిలిచి కొలువిచ్చిన మాట నిజమే. కాని ఆ కొలువుకు ప్రతిఫలంగా ఆయన ఒక సాధారణ సంస్థాన జట్టును దేశంలోని అగ్రశ్రేణి జట్లలో నిలిపారు. పెద్ద జట్టులో చేరి పెద్దవాడయినవాడు కాదాయన. తాను చేరిన జట్టును పెద్దది చేసినవాడు.

ఈ మాట నిజమా కాదా అని పరీక్షించే సందర్భం 1953లో ఎదురయింది. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణానంతరం 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. అంతవరకు మచిలీపట్నం, గుడివాడ ప్రాంతాల యువకులకు రంజీ ట్రోఫీలో ఆడాలన్న కోరిక ఉంటే మద్రాసు జట్టు గుమ్మం తొక్కవలసిందే. కొత్త రాష్ట్రానికి కొత్తగా జట్టు ఏర్పడింది. దానికి చరిత్ర లేదు, కప్పులు లేవు, మహారాజుల అండ లేదు. 1953-54లో ఆ ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో తొలిసారిగా పాల్గొన్నపుడు దాని నాయకుడు సి.కె. నాయుడు. అప్పటికి ఆయన వయస్సు యాభై ఎనిమిది. అంతకు ముందు సంవత్సరమే ఆయన హోల్కరుకు ట్రోఫీని సాధించిపెట్టారు. ఆయన లేకున్నా ఆ యేడు కూడా హోల్కరు తుదిపోరుకు చేరింది. విజేతల జట్టును విడిచి పసిబిడ్డవంటి జట్టుకు రావటం లాభనష్టాలను బేరీజు వేసేవారికి అంతుపట్టదు. ఆంధ్ర జట్టు ఆ సంవత్సరం ట్రోఫీని గెలువలేదు. అయినా భారతదేశపు తొలి టెస్టు నాయకుడు ముందు నడువగా మైదానంలోకి దిగిన జట్టుకు తన పుట్టుకలోనే ఒక గౌరవం సమకూడింది.

ఆ తరువాత కూడా నాయుడు విశ్రమించలేదు. 1956లో భారత ప్రభుత్వం ఆయనను పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. 1956-57లో, అరువదియొక్క సంవత్సరాల వయస్సులో, ఆయన ఉత్తరప్రదేశ్ జట్టు పక్షాన రంజీ పోటీలలో ఆడారు. దాదాపు అర్ధశతాబ్దం సాగిన తన క్రీడాజీవితంలో ఫస్ట్ క్లాస్ పోటీలలో 11,825 పరుగులు చేసి, 411 వికెట్లు పడగొట్టారు. 1967 నవంబరు 14న ఇందూరులో కీర్తిశేషులయ్యారు. భారత క్రికెట్ నియంత్రణ మండలి 1994 నుండి ఆయన పేరిట జీవితసాఫల్య పురస్కారాన్ని ప్రదానం చేస్తున్నది.

నాయుడు ఆడిన జట్ల చరిత్రను ఒక్కసారి పరికిస్తే ఒక సత్యం బోధపడుతుంది. మతం ప్రాతిపదికగా ఏర్పడిన జట్ల పోటీని 1940లో గాంధీజీ నిరసించారు. 1946 తరువాత అది సాగలేదు. స్వాతంత్ర్యానంతరం సంస్థానాలు విలీనమయ్యాయి. 1955 తరువాత హోల్కరు పేరుతో జట్టు లేదు. దాని వారసత్వం మధ్యప్రదేశ్ జట్టుకు సంక్రమించింది. ఒకనాడు దేశాన్ని ఉర్రూతలూగించిన జట్లు ఈ విధంగా కాలగర్భంలో కలిసిపోగా, ప్రజలు తమ రాష్ట్రం కోసం నిర్మించుకొన్న ఆంధ్ర జట్టు నిలిచి ఉన్నది. మతం చెప్పిన జట్టు, రాజు పిలిచిన జట్టు, ప్రజలు కట్టుకొన్న జట్టు, వీటన్నిటికన్న పైన దేశపు జట్టు, అన్నిటా ఆడిన నాయుడు ఏ ఒక్కదానిలోనూ తన శక్తిని దాచుకొనలేదు.

జట్టు ఘనతను కప్పులతో కొలిచేవారికి, ఆటగాడి విశ్వాసాన్ని అతడు మారిన జట్ల సంఖ్యతో లెక్కించేవారికి నాయుడు జీవితం ఆలోచన కలిగిస్తుంది. ఆటగాడు ఎక్కడినుండి ఎక్కడికి వెళ్ళాడన్న దానితోపాటు, వెళ్ళినచోట అతడు ఏమి ఇచ్చాడన్నదీ చూడవలసి ఉన్నది. ఆ లెక్క చూచినపుడు నాగపూరు, ఇందూరు, ఆంధ్ర రాష్ట్రం మూడూ నాయుణ్ణి తమవాడని చెప్పుకొనటంలో అనౌచిత్యం లేదు. ఆ వరుసలో మచిలీపట్నానికి కూడా చోటున్నదని కృష్ణాతీరవాసులు నేటికీ గర్విస్తారు.