మీ జిల్లాలో పాలీహౌస్‌ను ఉపగ్రహం గుర్తుపడుతుందా? విక్రమ్ సారాభాయ్ వేసిన బాట ఇదీ

జనగామ చెలకలు, మహబూబాబాద్ మిర్చి చేలు, భూపాలపల్లి అడవులు, బొగ్గు గనులు.. ఎక్కడ భూమిని దేనికి వాడుతున్నారో చూపే మ్యాపులు ఇస్రో 'భువన్' పోర్టల్‌లో ఉచితంగా చూడొచ్చు. ఈ సేవ వెనకున్న ఆలోచన మాత్రం 1971లో కన్నుమూసిన విక్రమ్ సారాభాయ్‌ది.

ఎవరాయన?

1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌లో మిల్లు యజమానుల ఇంట పుట్టారు. కేంబ్రిడ్జ్‌లో చదివారు. బెంగళూరులో సి.వి.రామన్ దగ్గర కాస్మిక్ కిరణాలపై పరిశోధన చేశారు. 1947లో అహ్మదాబాద్‌లో ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీని స్థాపించారు. ఆయన సారథ్యంలోనే 1963 నవంబర్ 21న కేరళలోని తుంబా నుంచి తొలి రాకెట్ ఎగిరింది. 1969లో ఇస్రో ఏర్పడింది.

పేద దేశానికి రాకెట్లెందుకని అప్పట్లో చాలామంది అడిగారు. సారాభాయ్ చంద్రుడి మీదికి పోటీపడాలనుకోలేదు. వాతావరణం, చదువు, సాగు వంటి అవసరాలకు ఈ సాంకేతికత పనికిరావాలన్నదే ఆయన పట్టు. 1970లో ఆ పట్టుకు పరీక్ష వచ్చింది. కేరళలో కొబ్బరి తోటలకు తెగులు సోకితే, పిషరోటి బృందం హెలికాప్టర్ నుంచి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్‌తో ఫొటోలు తీసి, జబ్బు చెట్లను పైనుంచే గుర్తించింది. మన దేశంలో రిమోట్ సెన్సింగ్‌కు అదే తొలి అడుగు.

మరుసటి ఏడాది డిసెంబర్ 30న, 52 ఏళ్లకే సారాభాయ్ చనిపోయారు. 1974లో హైదరాబాద్‌లో మొదలైన రిమోట్ సెన్సింగ్ సంస్థను గానీ, 1988లో ఎగిరిన ఐఆర్ఎస్-1ఎ ఉపగ్రహాన్ని గానీ ఆయన చూడలేదు. భువన్‌ను 2009లో ఆయన పుట్టినరోజునే ప్రారంభించారు.

పాలీహౌస్ కనిపిస్తుందా?

20 గుంటల పాలీహౌస్ అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. ఐఆర్ఎస్-1ఎలోని లిస్-1 కెమెరాకు ఒక్క పిక్సెల్ అంటేనే ఎకరం పైచిలుకు నేల. దానికి ఈ షెడ్డు విడిగా ఆనదు. 2003 నాటి లిస్-4 కెమెరా పిక్సెల్ 5.8 మీటర్లు. అందులో అదే షెడ్డు దాదాపు 60 పిక్సెళ్లలో కనిపిస్తుంది.

చిక్కు ఇంకోటుంది. మెరిసే ప్లాస్టిక్ కప్పును కంప్యూటర్ రేకుల షెడ్డుగానో, గోదాంగానో పొరబడవచ్చు. అందుకే వేర్వేరు నెలల చిత్రాలను పోల్చి, కొన్నిచోట్లకు వెళ్లి సరిచూడాలి. లేదంటే సాగుభూమి కాస్తా కట్టడాల లెక్కలోకి పోతుంది. నీళ్లు, కరెంటు, గోదాములు ఎక్కడ కావాలన్న ప్రణాళిక కూడా తప్పుతుంది.

మీరేం చేయొచ్చు?

భువన్‌లో మీ జిల్లా తెరిచి, భూ వినియోగం మ్యాపును వేర్వేరు సంవత్సరాలకు పోల్చి చూడండి. మ్యాపు ఏ ఏడాదిదో ముందే గమనించండి. అది హక్కు పత్రం కాదు, పట్టా తగాదాకు రెవెన్యూ రికార్డే ఆధారం. మీ పొలం వివరం తప్పుగా కనిపిస్తే వ్యవసాయ విస్తరణాధికారికి చెప్పి, పొలానికి వచ్చి చూడమనండి.