నీటి ధర్మం నిలిపిన నవాబు

బయ్యారం పెద్దచెరువును కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించారు. దాదాపు ఎనిమిది వందల ఏళ్ళయినా ఆ నీటితో పైరు పండుతూనే ఉంది. నీరిచ్చిన చేయి ఏ మతానిదని పైరు అడగదు. ఆ బాటలోనే నడిచిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్‌ను ఈ జుమా నాడు స్మరించుకుందాం.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. మదర్సా-ఎ-ఆలియా, నిజాం కళాశాలల్లో చదివారు. ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజినీరింగు ముగించి, 1899లో నిజాం సర్కారు ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజినీరుగా చేరారు. 1918లో చీఫ్ ఇంజినీరయ్యారు.

ఆయన కృషితో మన ప్రాంతంలో పాలేరు, వైరా జలాశయాలు వెలిశాయి. మంజీరాపై 1923లో మొదలైన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. దాని కింద 2.75 లక్షల ఎకరాలకు నీరివ్వాలని సంకల్పించారు. ఉద్యోగ విరమణ తర్వాత జాతీయ ప్రణాళికా సంఘం వారి నీటిపారుదల ఉపసంఘానికి అధ్యక్షత వహించారు. 1949 డిసెంబరు 6న ఇహలోకం వీడారు. 2014 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఆయన జన్మదినాన్ని ఇంజినీర్ల దినంగా జరుపుతోంది.

మనిషి పోయాక కూడా పుణ్యం అందించే దానాన్ని సదఖా-ఎ-జారియా అంటాం. జీతం తీసుకుని, ఖజానా సొమ్ముతో కట్టినది దానమెలా అవుతుందని కొందరు అడగవచ్చు. సొమ్ము ప్రజలదే. అయితే అప్పగించిన పనిని అమానత్‌గా భావించి, తరాలకు పనికొచ్చేలా చేయడం కూడా ఇబాదతే. నియ్యత్ అల్లాహ్‌కు తెలుసు.

కాలక్రమంలో నిజాంసాగర్‌లో పూడిక చేరి నీటి నిల్వ బాగా తగ్గింది. పెద్దలు కట్టి వెళ్ళారు. వాటిని కాపాడే అమానత్ ఇప్పుడు మన చేతుల్లో ఉంది. మన ఊరి చెరువు కట్ట తెగకుండా, తూము పూడకుండా చూసుకుంటే మనకూ ఆ పుణ్యంలో వాటా దక్కుతుంది, ఇన్షా అల్లాహ్.