షాఫ్ట్స్‌బరీ ప్రభువు – చెప్పకుండ తలుపు తట్టిన కమీషనరు

ధ్యానభాగము: నెహెమ్యా 2:7–16



గడచిన నెలలో మన సంఘమునకు చెందిన ఒక వృద్ధ సహోదరిని చూచుటకు మేము హైదరాబాదు వెళ్లితిమి. ఆమె కుమారుడు విదేశములో ఉద్యోగి. నెలకింతయని సొమ్ము తీసికొని ముసలివారిని చూచుకొను గృహమొకదానిలో, మాదాపూరున, తల్లిని చేర్చెను. మాదాపూరు ఒకప్పుడు బండలును పొలములును గల పల్లె. 1998లో సైబర్ టవర్స్ వెలసిన పిమ్మట అద్దాల మేడల పేట యయినది. గేటు కాపరి మమ్మును ఆపి, ముందుగా ఫోను చేసి రావలెనని చెప్పి అరగంట కూర్చుండబెట్టెను. మేము లోనికి పోవునప్పటికి ఆమెకు ఉతికిన చీర కట్టి తల దువ్వియుండిరి. జుట్టు ఇంకను తడిగానే యున్నది. తన్ను బాగుగానే చూచుచున్నారని అయ్యగారికి, అనగా మాకు, చెప్పెను గాని ఆయా ముఖము చూచి చెప్పెను. అక్కడ అక్రమము జరిగినదని మేమనము. అయినను తిరుగు బస్సులో మాకు షాఫ్ట్స్‌బరీ ప్రభువు జీవితము జ్ఞాపకమునకు వచ్చినది.

ఆంథొనీ ఆష్లీ కూపర్ 1801 ఏప్రిల్ 28న లండనులో గొప్పయింట పుట్టెను. సొమ్మునకు కొదువ లేదు, ప్రేమకే కరవు. తలిదండ్రులు కఠినులు. మరియా మిల్లిస్ అను ఇంటి పనికత్తె ఆ బాలుని చేరదీసి ప్రార్థన నేర్పెను. ఆమె చనిపోవుచు విడిచిన గడియారమును ఆయన ముసలితనము వరకు ధరించెను. 1851 నుండి మరణము వరకు బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిలు సొసైటీకి అధ్యక్షుడీయనయే. గనులలోను మిల్లులలోను పనిచేయు పిల్లల కొరకు ఆయన పోరాడిన సంగతి మీలో కొందరెరుగుదురు. దానిని ఇక్కడ విడచుచున్నాము.

1826లో ఆయన పార్లమెంటు సభ్యుడాయెను. మరుసటి ఏట మతి చలించిన బీదల స్థితిని విచారించు కమిటీలో చేరెను. ఆ దినములలో అట్టివారిని సొమ్ము తీసికొని ఉంచుకొను ప్రైవేటు గృహములు అనేకములుండెను. లండనులోని బెత్నల్ గ్రీను గృహములను గూర్చి కమిటీ యెదుట సాక్ష్యము పలుకబడెను. శనివారము రోగులను గడ్డిమీద గొలుసులతో కట్టినయెడల సోమవారము ఉదయమునకు గాని విప్పరు. మలమూత్రములు అందులోనే. పిమ్మట, ఎంత చలియైనను, చన్నీళ్లతో కడుగుదురు. 160 మందికి ఒకటే తువాలు. మధ్యనున్న దినము ఆదివారమని గమనింపుడు.

తనిఖీ అంతకుముందు లేకపోలేదు. 1774 చట్టము ననుసరించి వైద్యుల కాలేజీవారు వచ్చి చూచి వ్రాసికొని పోవుచుండిరి. కాని లైసెన్సు తీసివేయు అధికారము వారికి లేదు. చూచు కన్ను గలదు, చేయు చెయ్యి లేదు. గృహ యజమానులకు భయమెందుకు కలుగును?

1828లో క్రొత్త చట్టము వచ్చినది. పదునైదుగురు కమీషనర్లలో ఆష్లీ ఒకడాయెను. కొద్ది ఏండ్లకు అధ్యక్షుడాయెను. 1845 చట్టముచేత ఆ సంఘము శాశ్వతమై దేశమంతటను తిరిగెను. వైద్యుడొకడు, న్యాయవాది యొకడు జంటగా పోవుదురు. ముందుగా కబురు చేయరు. పగలేగాక రాత్రియు పోవచ్చును. ప్రతి గది, ప్రతి రోగి చూపవలెను. దాచిన యెడల నేరము. నెహెమ్యా కూడ రాజు పత్రికలు చేత పట్టుకొని వచ్చి, ఎవరికిని చెప్పక రాత్రివేళ గోడలు చూచెను గదా! పత్రిక లేనిచో అధిపతులు దారి ఇయ్యరు. ముందు చెప్పినచో కూలిన గోడకు ముసుగు వేయుదురు. రెండును కావలసియుండెను.

షాఫ్ట్స్‌బరీ ఈ పని 57 ఏండ్లు జీతము లేకుండ చేసెను. ఇది ఆయనకు పరుల దుఃఖము మాత్రమే కాదు. ఆయన కుమారుడు మారిస్ మూర్ఛరోగి. ఆ బిడ్డను స్విట్జర్లాండులో ఇతరుల చేతులకు అప్పగింపవలసి వచ్చెను; 1855లో అక్కడనే మరణించెను.

ఆయనలో లోపము లేదని మేము చెప్పము. మేజిస్ట్రేటు ఉత్తరువు లేనిదే ఎవరిని నిర్బంధింపరాదను బిల్లు 1885లో వచ్చినప్పుడు, చికిత్స ఆలస్యమగునని ఎదిరించి రాజీనామా యిచ్చెను. ప్రభుత్వము పడిపోగా బిల్లు నిలిచిపోయెను, ఆయన మరల పదవిలో చేరెను. తన కమీషనర్ల కన్ను చాలునని నమ్మెనేమో. ఈ విషయమున ఆయన పొరబడెనని మా తలంపు. 1890 చట్టములో ఆ ఉత్తరువు చేరనే చేరినది. 1885 అక్టోబరు 1న ఫోక్‌స్టన్‌లో ఆయన ప్రభువునందు నిద్రించెను.

ఇది దూరదేశపు పాత కథ యనుకొనవద్దు. 2020 జనవరిలో మన హైదరాబాదు శివారు నాగారములో ఒక వృద్ధాశ్రమమునకు పోలీసులు పోగా, అనుమతి లేకుండ ఇరుకు గదులలో ఉంచబడిన డెబ్బది మందికి పైగా మనుష్యులు కనబడిరి, కొందరికి గొలుసులున్నవి. ఇప్పుడు 2017 మానసిక ఆరోగ్య చట్టము తనిఖీకి అధికారమిచ్చుచున్నది. వృద్ధుల కొరకు 2007 చట్టము గలదు. చట్టము పుస్తకములో నున్నది. తలుపు తట్టువాడు నడచి పోవలెను.

మాదాపూరు సహోదరి కుమారునితో ఫోనులో మాటలాడితిమి. ఆయన మొదట నొచ్చుకొనెను, తరువాత ఏడ్చెను. నగరములో పనిచేయు మన సంఘ యువకులిద్దరు వంతులవారీగా, కబురు పెట్టకుండ, ఆమెను చూచి వచ్చుటకు ఒప్పుకొనిరి. వారి చేత రాజు పత్రిక లేదు. కాపరి ఆపినచో ఆగవలసినదే. అట్లు రెండు మారులు ఆపినచో జిల్లా కలెక్టరుగారికి ఇచ్చుటకు అర్జీ వ్రాసి, కుమారుని సంతకముతో సిద్ధముగా ఉంచితిమి.