చందువాకి స్పెల్లింగ్ రాసిన డాక్టరు

పోయిన ఆదివారం మారేడ్‌పల్లిలో మా వీధి చివర చేపలమ్మే ఆయన ముందు నా పరువు పోయింది. పాంఫ్రెట్ ఉందా అని నేనడిగితే ఆయన అర్థం కానట్టు చూశాడు. పక్కనే ఉన్న అమ్మమ్మ, చందువా అని సరిచేసింది. అమ్మమ్మది విశాఖ వైపు. ఇంటికొచ్చేదాకా ఇది పార, అది వంజరం అని చెబుతూనే ఉంది. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియంలో చదివిన నాకు ఒక్క పేరూ తెలీదు. ఆ రాత్రి ఈ పేర్ల కోసం వెతుకుతుంటే ప్యాట్రిక్ రస్సెల్ దొరికాడు.

రక్తపింజరని ఇంగ్లిష్‌లో రస్సెల్స్ వైపర్ అంటారని మనందరికీ తెలుసు. ఆ రస్సెల్లే ఈయన. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టిన డాక్టరు. సవతి అన్న అలెగ్జాండర్ తర్వాత 1753లో సిరియాలోని అలెప్పోలో ఇంగ్లిష్ వర్తకులకు వైద్యుడయ్యాడు. 1760 నుంచి 1762 దాకా అక్కడ ప్లేగు చెలరేగితే, చూసిన కేసులన్నీ ఓపిగ్గా రాసుకున్నాడు. ఆ నోట్సే 1791లో ప్లేగు మీద పెద్ద పుస్తకంగా వచ్చింది.

1781లో తమ్ముడు క్లాడ్‌కి విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ పదవి వచ్చింది. తోడుగా ఈయనా వచ్చాడు. అప్పటికే వయసు యాభై దాటింది. మనమైతే రిటైర్‌మెంట్ ప్లాన్ వేసుకుంటాం. ఈయన మాత్రం కొత్త ఊళ్లో మొక్కలు, పాములు, చేపలు పోగు చేయడం మొదలెట్టాడు. 1785లో కోనిగ్ చనిపోయాక కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త పని ఈయనకిచ్చారు. ఏ పాముకి విషముందో, దేనికి లేదో జనం చూసి గుర్తుపట్టగలగాలని కుక్కల మీద, కోళ్ల మీద ప్రయోగాలు చేశాడు. చదవడానికి కష్టంగానే ఉంటుంది. పాముల పుస్తకం 1796లో వచ్చింది. అందులో రక్తపింజర పేరు కాటుక రేకుల పొడ. కట్లపాముల శాస్త్రీయ నామం బంగారస్ కూడా ఆయన రాసుకున్న మన బంగారు పామే!

ఇక చేపలు. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలు, వివరాలతో 1803లో లండన్‌లో రెండు సంపుటాలు అచ్చయ్యాయి. ఒక్క ఊరి దగ్గర అన్ని రకాలా అని నాకు డౌటొచ్చింది. కారణం నీళ్లే. విశాఖ తీరంలో రోజుకి రెండు సార్లు పోటు, రెండు సార్లు పాటు. పోటుకి సముద్రం ఉప్పుటేరులోకి ఎక్కుతుంది, పాటుకి ఏటి నీరు బురదనీ, పోషకాలనీ సముద్రంలోకి లాక్కొస్తుంది. ఆ కలయికలో కంటికి కనపడని నాచు పెరుగుతుంది. దాన్ని తినే చిన్న జీవులు, వాటి కోసం చిన్న చేపలు, వాటి వెనక పెద్దవి. పైగా ఎండాకాలం మొదట్లో గాలికి పైనీరు ఒడ్డు నుంచి దూరంగా జరిగి, అడుగు నుంచి చల్లని, పోషకాలున్న నీరు పైకొస్తుంది. 1950ల్లో లాఫాండ్ అనే అమెరికన్ ఆంధ్ర యూనివర్సిటీకొచ్చి దీన్ని కొలిచాడు. రస్సెల్ కాలానికి ఈ లెక్కలేవీ లేవు. ఇప్పుడున్న పోర్టూ లేదు, అది 1933లో మొదలైంది. ఆయనకి తెలిసిందల్లా వలలో పడింది చూడటం, దాని పేరడగడం.

నాకు నచ్చింది ఆ అడగడమే. కొత్త పేర్లు తయారుచేయకుండా, ఇక్కడివాళ్లు ఏమంటే అదే ఇంగ్లిష్ అక్షరాల్లో రాశాడు. నల్ల చందువా, తెల్ల చందువా, తాళం పార. ముట్టుకుంటే షాక్ కొట్టే చేపకి తిమిరి. చెయ్యి తిమ్మిరెక్కుతుంది మరి! తర్వాత యూరప్ శాస్త్రవేత్తలు ఆ పుస్తకం చూసే చాలా చేపలకి లాటిన్ పేర్లు పెట్టారు. స్ఫైరేనా జెల్లోలో జెల్లో, టాలంపరోయిడిస్‌లో తాళం పార అలా వెళ్లినవే.

రస్సెల్ 1789లో తిరిగెళ్లిపోయాడు, 1805లో లండన్‌లో చనిపోయాడు. పాముకి ఆయన పేరుంది. కానీ పేర్లు చెప్పిన మత్స్యకారుల పేరుగానీ, బొమ్మలేసిన మన చిత్రకారుడి పేరుగానీ మనలో ఎవరికైనా తెలుసా? టీమ్ ప్రాజెక్టులో పనంతా ఒకరిది, సబ్మిట్ చేసింది ఇంకొకరు. మనకి కొత్తేం కాదు. అయినా ఆయన అడక్కపోతే ఆ మాటలు కూడా పుస్తకంలోకి ఎక్కేవి కావు.

భాష రాని ముసలి డాక్టరు రెండు వందల చేపల పేర్లు రాసుకున్నాడు. ఇంట్లో అమ్మమ్మని పెట్టుకుని నాకు మూడు కూడా రావు. ఈ వారం నుంచి ఫోన్లో ఒక లిస్టు మొదలెట్టాను. రోజూ అన్నాలయ్యాక అమ్మమ్మ చెప్తుంది, నేను టైప్ చేస్తాను, అదీ తెలుగు కీబోర్డులోనే. ఇప్పటికి పద్నాలుగయ్యాయి. కోస్తా నుంచి వచ్చి హాస్టల్లో ఉన్నవాళ్లూ, సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మీ పెద్దవాళ్లనీ అడిగి రండి. ఈసారి చెప్పినవాళ్ల పేర్లు కూడా రాసుకుందాం.