నవలల సొమ్ము నేలకు పెట్టిన బ్రోమ్‌ఫీల్డ్

అమెరికాలోని ఓహియో రాష్ట్ర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో లూయీ బ్రోమ్‌ఫీల్డ్ కాగితాలు భద్రంగా ఉన్నాయి. నవలల రాతప్రతులు, ఉత్తరాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. నవలలతో లక్షలు గడించిన ఈ రచయిత ఆ సొమ్మంతా కొట్టుకుపోయిన మట్టిని నిలబెట్టడానికే ధారపోశారు.

బ్రోమ్‌ఫీల్డ్ 1896 డిసెంబరు 27న ఓహియోలోని మాన్స్‌ఫీల్డ్‌లో జన్మించారు. కోర్నెల్‌లో వ్యవసాయ విద్యలో చేరి, కుటుంబ పొలం చూసుకోవడానికి మధ్యలోనే మానుకున్నారు. ఆ పొలం దక్కలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యపు అంబులెన్సు దళంలో చేరి ఫ్రాన్సు వెళ్ళారు. 1927లో 'ఎర్లీ ఆటమ్' నవలకు పులిట్జర్ బహుమతి లభించింది. తర్వాత చాలాకాలం ఫ్రాన్సులోనే కాపురమున్నారు. అక్కడి రైతులు తరతరాలుగా ఒకే నేలను సారం చెడకుండా సాగుచేయడం ఆయన మనసులో నాటుకుంది.

భారతదేశం వచ్చి వెళ్ళాక 1937లో 'ది రెయిన్స్ కేమ్' వెలువరించారు. కథాస్థలం మన దేశంలోని ఒక కల్పిత సంస్థానం. యుద్ధ మేఘాలు కమ్ముకోగా స్వదేశం చేరి, 1939లో మాన్స్‌ఫీల్డ్ సమీపాన సారం ఉడిగిన పొలాలు కొన్నారు. భారతదేశంలోని మలబార్ పేరు మీదుగా దానికి మలబార్ ఫార్మ్ అని పేరు పెట్టారు.

వాలుకు అడ్డంగా దున్నించారు. సున్నం చల్లించారు. పప్పుజాతి పైర్లు వేసి పచ్చిరొట్టగా కలియదున్నించారు. మిట్ట నేలల్లో గడ్డి పెంచి పశువులను మేపారు. ఇందులో మన మెట్ట రైతు ఎరగని వింత ఏమీ లేదు. వాన నీరు పరుగెత్తక భూమిలో ఇంకింది, ఎండిన ఊటలు తిరిగి పారాయి. ఆదివారాలు వచ్చినవారిని ఆయనే పొలమంతా తిప్పేవారు. ఈ అనుభవాలతో 1945లో 'ప్లెజంట్ వ్యాలీ', 1948లో 'మలబార్ ఫార్మ్' రాశారు. మంచి నవలాకారుడు మట్టిపాలయ్యాడని విమర్శకులు పెదవి విరిచారు.

లెక్క చూస్తే అది గిట్టుబాటు వ్యవసాయం కాదు. రచనల ఆదాయం లేని మామూలు రైతు అంత ఖర్చు భరించగలడా అన్న ప్రశ్నకు మలబార్‌లో జవాబు దొరకదు. చివరి రోజుల్లో ఆయనకే డబ్బు ఇబ్బందులు తప్పలేదు. పొలంలోని వృక్షాలు కోతకు పోవలసి ఉండగా, ధనవంతురాలైన మిత్రురాలు డోరిస్ డ్యూక్ సొమ్మిచ్చి ఆదుకున్నారు.

1956 మార్చి 18న కొలంబస్‌లో బ్రోమ్‌ఫీల్డ్ మరణించారు. పొలం 1972లో ఓహియో ప్రభుత్వపరమై, 1976లో రాష్ట్ర ఉద్యానవనమైంది. అక్కడ ఇప్పటికీ సేద్యం సాగుతోంది.