బికిలా, అతని బడ్డీలు

ఫౌజులో చేరిన కొత్తలోనే మనకి ఒక బడ్డీని అప్పజెప్తారు. అతని రైఫిల్ ఎక్కడుంది, వాటర్ బాటిల్ నిండిందా లేదా అని మనం చూడాలి, మనది అతను చూడాలి. రిటైరయ్యాక పెన్షన్ వస్తుంది, క్యాంటీన్ కార్డు వస్తుంది, బడ్డీ మాత్రం వెంట రాడు. పరుగుకి కూడా బడ్డీ అవసరమని నేను గట్టిగా నమ్ముతాను.

నేను సర్వీసు అయిపోయాక సూరత్‌లో స్థిరపడ్డాను. లింబాయత్, ఉధనా వైపు పవర్‌లూమ్‌ల మీద బతికే మన తెలంగాణ పద్మశాలి కుటుంబాలు ఎన్ని ఉన్నాయో సభ్యులకి తెలిసిందే. ఆ ఇళ్ళ కుర్రాళ్ళు కొందరు భర్తీ కోసం, కొందరు మారథాన్ కోసం ఆదివారం తెల్లవారుజామున డుమస్ రోడ్డు మీద పరిగెత్తుతుంటే నేనూ వెంట ఉంటాను. 2018 ఫిబ్రవరి 25న ఇక్కడ రాత్రిపూట మారథాన్ జరిగింది, అప్పట్నుంచి మావాళ్ళలో ఈ పిచ్చి ఎక్కువైంది. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాడు ఒంటరిగా అయితే నాలుగు రోజులకి మానేస్తాడు. రెండోవాడు రోడ్డు మీద తనకోసం నిలబడి ఉంటాడని తెలిస్తే మానడు. వాళ్ళకి నేను చెప్పేది అబెబె బికిలా కథ. అతనూ మనలాంటి సిపాయే.

బికిలా ఇథియోపియాలో జాతో అనే పల్లెలో 1932 ఆగస్టు 7న పుట్టాడు. పశువులు కాసుకునే ఇల్లు. పెద్దయ్యాక రాజధాని అడిస్ అబాబా చేరి చక్రవర్తి హైలె సెలాసీ అంగరక్షక దళంలో సిపాయి అయ్యాడు. (ఆ దేశంతో మన సైన్యానికీ సంబంధం ఉంది. 1950ల చివర్లో హరార్‌లో పెట్టిన మిలిటరీ అకాడమీని నడిపింది మన భారత సైన్యం అధికారులే.) అక్కడ స్వీడన్ దేశస్తుడు ఓన్ని నిస్కానెన్ సిపాయిల్లోంచి పరుగువాళ్ళని ఏరి శిక్షణ ఇస్తుండేవాడు. ఎనిమిది వేల అడుగుల ఎత్తు, కొండదారులు, ఒకరోజు దూరం, ఒకరోజు వేగం.

1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌కి బికిలాతో పాటు వెళ్ళినవాడు అబెబె వాక్జిరా. ఇతనూ అదే దళం. పేరు కూడా ఒకటే. వయసులో బికిలా కంటే పదేళ్ళు పెద్ద. అక్కడ దొరికిన బూట్లు బికిలా కాలికి సరిపడలేదు. ఇంటిదగ్గర ఉత్తకాళ్ళతో పరిగెత్తే అలవాటు ఉండనే ఉంది, అలాగే దిగాడు. వాక్జిరా కూడా ఉత్తకాళ్ళే. ప్రపంచమంతా బికిలా పాదాల గురించి రాసింది గానీ పక్కన మరో జత ఉత్తపాదాలు ఉన్నాయన్నది చాలామందికి తెలీదు.

సెప్టెంబరు 10 సాయంత్రం మొదలైన పందెం చీకటి పడ్డాక ముగిసింది. దారి పక్కన ఇటలీ సైనికులు కాగడాలు పట్టుకుని నిలబడ్డారు. బికిలాతో చివరిదాకా మిగిలినవాడు మొరాకో దేశపు రాది బెన్ అబ్దెస్సలామ్. బికిలాకి ముందే చెప్పి పంపారు, 26వ నంబరు వాడిని కనిపెట్టుకుని ఉండమని. కానీ రాది ఆ రోజు 185 నంబరుతో దిగాడు. తను ఎవరికోసం వెతుకుతున్నాడో అతని పక్కనే బికిలా పరిగెత్తాడన్నమాట! ముగింపుకి దగ్గర్లో ఆక్సుమ్ శిలాస్తంభం ఉంది. ముసోలినీ సైన్యం ఇథియోపియాని ఆక్రమించినప్పుడు 1937లో ఎత్తుకొచ్చి రోమ్‌లో నిలబెట్టింది అది (2005లో తిరిగి ఇచ్చేశారు). కోచ్, బికిలా ముందే దారి చూసి, ఆ స్తంభం దగ్గరే వేగం పెంచాలని అనుకున్నారు. అలాగే పెంచాడు. 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు, అప్పటికి ప్రపంచంలో అదే అత్యుత్తమ సమయం. రాది 25 సెకన్లు వెనక. వాక్జిరా ఏడో స్థానంలో వచ్చాడు. దాదాపు నలభై ఏళ్ళ వయసులో ఒలింపిక్ మారథాన్‌లో ఏడో స్థానం అంటే చిన్న విషయమా? మన లెక్కలో అది కూడా మెడలే.

అదే ఏడాది డిసెంబరులో అంగరక్షక దళం పెద్దలు చక్రవర్తి మీద తిరుగుబాటు చేసి ఓడిపోయారు. బికిలాని కూడా కొన్నాళ్ళు పట్టుకుని ఉంచారు, తరవాత వదిలేశారు.

1964 టోక్యో నాటికి బడ్డీ మారాడు. మామో వోల్డె, అదే దళం, దాదాపు అదే వయసు. పందేనికి ఐదు వారాల ముందు బికిలాకి అపెండిసైటిస్ ఆపరేషన్ అయింది. అయినా అక్టోబరు 21న 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో వచ్చాడు, రెండోవాడు నాలుగు నిమిషాలు వెనక. మారథాన్ రెండుసార్లు గెలిచిన మొదటివాడు ఇతనే. గీత దాటాక కూలబడలేదు, మైదానంలోనే పీటీ మొదలుపెట్టాడు. ఆ రోజు మామో మాత్రం మధ్యలో ఆగిపోయాడు.

నాకు ఈ కథలో అన్నిటికంటే పెద్ద ఘట్టం 1968 మెక్సికో. ఈసారి దెబ్బతిన్నది బికిలా. కాలి ఎముకలో చీలిక ఉంది. నొప్పితోనే దిగి, సుమారు 17 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయాడు. మూడో బంగారు పతకం పోయింది. కానీ మామో ఆగలేదు. 2 గంటల 20 నిమిషాల 26 సెకన్లలో గెలిచాడు. వరసగా మూడోసారి పతకం అదే దేశానికి, అదే దళానికి వచ్చింది. టోక్యోలో ఒకడు ఆగిపోతే ఇంకొకడు మోశాడు, మెక్సికోలో అటుది ఇటయింది. మా కుర్రాళ్ళలో గట్టివాడు బలహీనుణ్ణి వదిలేసి ముందుకి పోతుంటే నేను ఈ సంగతి ఎత్తుతాను. రోజూ ప్రాక్టీసులో కలిసి ఉండాలి, మాట్లాడుకోగలిగే వేగంతో. పందెం రోజున మాత్రం ఎవరి శక్తి వాళ్ళది, ఆగిపోయినవాడి కోసం రెండోవాడు ఆగకూడదు.

1969 మార్చిలో బికిలా కారు బోల్తాపడింది. వెన్నెముక దెబ్బతిని నడుము కింద చచ్చుబడింది. ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రెండో ప్రపంచ యుద్ధంలో వెన్ను విరిగిన సైనికుల కోసం 1944లో డాక్టర్ గుట్‌మన్ వెన్నెముక విభాగం మొదలుపెట్టిన చోటు అది. కాళ్ళు రాలేదు. బికిలా 1970లో అక్కడి వికలాంగుల క్రీడల్లో విలువిద్య, టేబుల్ టెన్నిస్ ఆడాడు. మరుసటి ఏడు నార్వేలో మంచుమీద స్లెడ్జి పందెం గెలిచాడు. మన ఖడ్కీ పారాప్లెజిక్ సెంటర్ చూసినవాళ్ళకి ఇది వింతగా అనిపించదు. 1965 యుద్ధంలో గుండ్లు తిన్న మన ఈఎంఈ జవాను మురళీకాంత్ పేట్కర్ 1972లో హైడెల్బర్గ్‌లో ఈతలో బంగారు పతకం తెచ్చాడు కదా.

అదే 1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌కి బికిలాని అతిథిగా పిలిచారు. వీల్‌చైర్లో వచ్చాడు. ఆ మారథాన్‌లో మామో నలభై ఏళ్ళ వయసులో కాంస్యం తెచ్చాడు. మరుసటి ఏడాది అక్టోబరు 25న మెదడులో రక్తస్రావమై బికిలా చనిపోయాడు. 41 ఏళ్ళు. సిపాయిగా చేరినవాడు కెప్టెన్ హోదాలో పోయాడు. చక్రవర్తి అంత్యక్రియలకి వచ్చాడు, వేలాది జనం వెంట నడిచారు.

మామోకి అంత మర్యాద దక్కలేదు. 1974లో చక్రవర్తిని దించేసి వచ్చిన సైనిక ప్రభుత్వం కాలంలో జరిగిన హత్య కేసులో 1992లో అతన్ని జైల్లో పెట్టారు. తను చంపలేదనే చెప్పుకుంటూ వచ్చాడు. విచారణ ముగిసేటప్పటికి తొమ్మిదేళ్ళు దాటింది. 2002 జనవరిలో ఆరేళ్ళ శిక్ష వేసి, అంతకు మించి లోపల ఉన్నాడు కాబట్టి వదిలేశారు. ఆ మే నెలలోనే చనిపోయాడు.