ఓడినా నిలిచిన నీలం సంజీవరెడ్డి గారు

ఓటుచీటీపై ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయడం ఎడ్మండ్‌సన్ పార్క్ పిల్లలకు తెలిసిన సంగతే. ఇక్కడి ఎన్నికల్లో తల్లిదండ్రులు వేసేది అలాగే. అటువంటి అంకెలే ఒకప్పుడు ఇద్దరు తెలుగువారిలో భారత రాష్ట్రపతి ఎవరో తేల్చాయని సాయంత్రం తరగతిలో చెబితే వారికి ఆశ్చర్యం. మూడవ తరం వారమైన మేమూ ఈ కథ ఆలస్యంగానే తెలుసుకున్నాము.

నీలం సంజీవరెడ్డి గారు 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో రైతు కుటుంబంలో జన్మించారు. గాంధీజీ ప్రభావంతో చదువు విడిచి స్వాతంత్ర్యోద్యమంలో చేరి, జైలుకు వెళ్ళారు. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1967లో లోక్‌సభ స్పీకరు కాగానే, ఆ పీఠం అందరిదనే భావంతో పార్టీ సభ్యత్వం వదులుకున్నారు.

1969లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ గారు మరణించారు. గణతంత్రానికి అప్పటికి పందొమ్మిదేళ్ళే. కాంగ్రెసు పార్టీ సంజీవరెడ్డి గారిని నిలబెట్టింది. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి గారు స్వతంత్రునిగా నిలిచారు. ప్రధాని ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు. తొలి లెక్కింపులో ఎవరికీ కావలసిన ఆధిక్యం రాలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరి గారికి 4,20,077, రెడ్డి గారికి 4,05,427 వచ్చాయి. 2022 వరకు జరిగిన రాష్ట్రపతి ఎన్నికల్లో రెండవ ప్రాధాన్యం దాకా వెళ్ళినది అదొక్కటే.

పోటీకోసం స్పీకరు పదవికి ముందే రాజీనామా చేశారు. 1971లో లోక్‌సభకు నిలిచి మళ్ళీ ఓడిపోయారు. అనంతపురం చేరి వ్యవసాయం చూసుకున్నారు.

1975లో జయప్రకాశ్ నారాయణ్ గారి వెంట తిరిగి ప్రజాజీవితంలోకి వచ్చారు. 1977లో నంద్యాలలో జనతా అభ్యర్థిగా గెలిచారు. రాష్ట్రంలోని 42 స్థానాల్లో కాంగ్రెసుకు దక్కనిది అదొక్కటే. మరల స్పీకరై, ఆ జులైలోనే రాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 37 నామినేషన్లలో చెల్లినది వారిదొక్కటే. 1982 వరకు ఆ పదవిలో ఉండి, 1996 జూన్ 1న బెంగుళూరులో కన్నుమూశారు.

పరీక్ష తప్పిన పిల్లవాడు తరగతికి రానంటే మేము చెప్పేది ఈ కథే. 1969లో ఓడినవారు తీర్పుకు తలవంచి పొలానికి వెళ్ళారు, మళ్ళీ ఓటు దారినే తిరిగి వచ్చారు. గెలిచినవారిని అందరూ గుర్తుంచుకుంటారు. ప్రజాస్వామ్యం నిలవాలంటే ఓడినవారు ఎలా నడుచుకున్నారో కూడా మన బిడ్డలకు తెలియాలి.